సోషల్ పీరియడ్ తర్వాత

నవంబరు 26

రాజ్యాంగ దినోత్సవం. ప్రార్థనలో ప్రతిజ్ఞ అయ్యాక రాజ్యాంగ ప్రవేశిక చదివించాం. మైకు పదో తరగతి అమ్మాయి చేతిలో. ఒక్కో ముక్కా ఆమె అంటుంటే మిగతా బడి అంతా తిరిగి అంది. ‘సార్వభౌమ’ దగ్గర ఆరో తరగతి వరసలు తడబడ్డాయి. ఫొటోలు గ్రూపులో పెట్టేస్తే ఇవాళ్టి కార్యక్రమం పూర్తయినట్టే లెక్క. నాకు అక్కడితో వదలబుద్ధి కాలేదు.

మూడో పీరియడ్‌లో తొమ్మిదో తరగతి వాళ్లని అడిగాను, ప్రవేశిక ఎప్పుడు ఖరారు చేశారనుకుంటున్నారని. పుస్తకంలో మొదటి పేజీలో ఉంది కాబట్టి మొదటే చేసి ఉంటారన్నారు. కాదు. అధికరణాలన్నిటి మీదా చర్చ ముగిశాక, 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభ ముందుకు వచ్చింది. ఆ రోజు హెచ్.వి.కామత్ ఒక సవరణ తెచ్చారు: దేవుడి పేరిట అని మొదలుపెడదామన్నారు. సభలో దేవుణ్ణి నమ్మేవాళ్లకు కొదవ లేదు. అయినా అభ్యంతరాలు వచ్చాయి. నమ్మకం ఎవరికి వారి సొంతం, అందరి తరఫునా రాయకూడదన్నారు కొందరు. పూర్ణిమా బెనర్జీ అయితే, దేవుడి మీద ఓటు వేయాల్సిన ఇబ్బందిలోకి మమ్మల్ని నెట్టవద్దని కామత్‌ని కోరారు. ఆయన పట్టు విడవలేదు. చేతులు లెక్కపెట్టారు. అనుకూలం 41, వ్యతిరేకం 68. సవరణ వీగిపోయింది.

క్లాసులో మళ్లీ ఆ చర్చ పెట్టాను. కామత్ పక్షానికే ఎక్కువమంది వచ్చారు. ముగ్గురు మాత్రం ఎదురుగా నిలబడ్డారు. అందులో ఒకడు, ‘మా ఇంట్లో చర్చికి వెళ్తాం, వీడింట్లో అయ్యప్ప మాల వేస్తారు, ఏ దేవుడు అని రాస్తారు మేడమ్?’ అన్నాడు. ‘పేరు రాయక్కర్లేదు, దేవుడు అంటే చాలు’ అని ఇటువైపు జవాబు. ‘నమ్మనివాడుంటే?’ అని అటువైపు మళ్లీ. గంట కొట్టినా ఆపలేదు. ఎమ్మెల్యేలు ప్రమాణం చేసేటప్పుడు కొందరు దైవసాక్షిగా అంటారు, కొందరు ఆత్మసాక్షిగా అంటారు, టీవీలో గమనించారా అని అడిగాను. గమనించారట. ఆ రెండు దారులూ మూడో షెడ్యూల్లో పక్కపక్కనే ఉన్నాయని చెబితే, ఓడిపోయిన పక్షం కొంచెం స్థిమితపడింది.

పొద్దున చేతులు కట్టుకుని వల్లించినవాళ్లే మధ్యాహ్నానికి దాని మీద వాదించారు. రాజ్యాంగ ముసాయిదాకు సభ్యులు 7,635 సవరణలు ఇచ్చారు, వాటిలో 2,473 సభలో ప్రతిపాదించి చర్చించారు. ఇన్ని తగాదాల మధ్య తయారైన పుస్తకమని పిల్లలకు ఎవరూ చెప్పకపోతే, అది పైనుంచి దిగివచ్చిన ఉత్తర్వు అనుకుంటారు. ఉత్తర్వుని పాటించడమో తప్పించుకోవడమో తప్ప దానితో మాట్లాడటం ఎవరికీ తోచదు.

నవంబరు 28

భోజనాల దగ్గర నా డ్యూటీ. ఇవాళ్టి తేదీ సంగతి పిల్లలకు చెప్పాలనిపించి, పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లకే చెప్పాను. 2001లో రాజస్థాన్‌లో కరువు. ప్రభుత్వ గిడ్డంగుల్లో ధాన్యం మూలుగుతోంది, బయట జనం ఆకలితో ఉన్నారు. పి.యు.సి.ఎల్. అనే పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లి, 21వ అధికరణం జీవించే హక్కు ఇచ్చిందే, తిండి లేకుండా జీవించడం ఏమిటని అడిగింది. అదే ఏడాది నవంబరు 28న కోర్టు ఉత్తర్వు ఇచ్చింది: ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక బడుల్లో పిల్లలకు వండిన భోజనం పెట్టాలని. తమిళనాడు లాంటి చోట్ల అప్పటికే పెడుతున్నారు. దేశమంతటా పెట్టక తప్పనిది అయింది ఆ ఉత్తర్వుతోనే.

‘అంటే ఇది మనకి ఊరికే పెట్టట్లేదా?’ అంది ఏడో తరగతి పాప. పెట్టట్లేదమ్మా, నీకు చెల్లవలసింది నీకు చెల్లిస్తున్నారు అన్నాను.

వంటావిడ గరిటె పట్టుకుని అంతా వింది. పిల్లలు వెళ్లాక దగ్గరికి వచ్చి, ‘నేను చేరిన కొత్తల్లో ఇద్దరు ముగ్గురు ఇంటినుంచి క్యారేజీలు తెచ్చుకునేవారండి, మా పేట మనిషి వండిందని. అప్పటి పెద్దమాస్టారు వాళ్ల పెద్దోళ్లని పిలిపించి మాట్లాడారు. తర్వాత అందరూ ఇక్కడే తింటున్నారండి’ అంది. వంటమనుషుల నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో అదే కేసులో కోర్టు చెప్పిన సంగతి ఆమెకు చెప్పాను. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందని పరీక్షల్లో ఒక మార్కుకి రాస్తారు. మా బడిలో అది ఈ వంటగది పొయ్యి దగ్గర అమలైంది, ఒక హెడ్‌మాస్టరు పూనుకోవడం వల్ల.

డిసెంబరు 3

పాత విద్యార్థి ఫోను, హైదరాబాదు నుంచి. గ్రూప్-2కి చదువుతున్నాడు. పాలిటీలో దిట్ట. 371-డి ఏ సవరణతో వచ్చిందంటే తడుముకోకుండా 32, 1973 అంటాడు. కానీ గొంతులో కంగారు. ఊళ్లో వాళ్ల బాబాయి కొడుకుని నిన్న పొద్దున స్టేషనుకు తీసుకెళ్లి ఇంతవరకూ పంపలేదట, ఎందుకో కూడా చెప్పలేదట. ‘మీకు తెలిసిన లీడర్ ఎవరైనా ఉన్నారా మేడమ్?’

22వ అధికరణం ఏం చెబుతుంది అని అడిగాను. కాసేపు మాట లేదు. తర్వాత తనే ఒక్కొక్కటీ చెప్పాడు: అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, లాయరుని కలవనివ్వాలి, దారిలో పట్టే సమయం పోను 24 గంటల్లోపల మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ‘బిట్‌గా చదివాను మేడమ్, ఇది దీనికేనని తట్టలేదు’ అన్నాడు. న్యాయసేవల ఉచిత నంబరు 15100 ఇచ్చాను. వాళ్లు ఎస్సీలు కాబట్టి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని పెట్టించుకోవచ్చు, 1987 చట్టం ఆ హక్కు ఇచ్చింది. సాయంత్రం మళ్లీ చేశాడు. మండల న్యాయసేవల కమిటీ నుంచి లాయరు వెళ్లి అడిగాక కుర్రాణ్ణి కోర్టులో హాజరుపరిచారు, బెయిలు వచ్చింది.

తెలివైన పిల్లాడు. తప్పు వాడిది కానే కాదు. సంవత్సరాల తరబడి మేం వాడి చేత అంకెలు కంఠతా పెట్టించాం. వాడికి కష్టం వచ్చిన రోజు ఆ అంకెలు గుర్తుకు రావడానికి ముందు ఒక లీడర్ గుర్తుకొచ్చాడు.

డిసెంబరు 6

అంబేడ్కర్ వర్ధంతి. సెంటర్లో విగ్రహానికి పొద్దున్నే మూడు పార్టీల దండలు పడ్డాయి.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయన చేసిన ముగింపు ప్రసంగాన్ని రాత్రి మరోసారి చదివాను. రాజ్యాంగం పూర్తయిన సంబరంలో ఉన్న సభకు ఆయన హెచ్చరికలు వినిపించాడు. రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు వచ్చింది గానీ బతుకులో సమానత్వం రాలేదని, ఈ వైరుధ్యాన్ని ఎక్కువకాలం మోస్తే ఈ కట్టడమే కూలుతుందని చెప్పాడు. ఎంత గొప్ప నాయకుడికైనా తన స్వేచ్ఛను తాకట్టు పెట్టవద్దన్నాడు, రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారితీస్తుందన్నాడు. దండలు వేసేవాళ్లు దండతో పాటు ఒక పేజీ చదివి వినిపిస్తే ఎంత బాగుండును.

గోదావరి అవతల, అమలాపురంలో 2022 మే 24న జరిగింది మనసులోంచి పోదు. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టవద్దంటూ జనం రోడ్డెక్కారు, సాయంత్రానికి మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు కాలాయి. దీన్ని క్లాసులో చెప్పడానికి తోటి టీచర్లు జంకుతారు, ఏ ఇంట్లో ఎవరికి తగులుతుందోనని. చెప్పాలనే నా ఉద్దేశం. ఆ పేరు వద్దని గుమిగూడి అడిగే హక్కు కూడా అంబేడ్కర్ అధ్యక్షత వహించిన సంఘం రాసిన 19వ అధికరణంలోనే ఉంది. ఆయుధాలు లేకుండా, శాంతిగా అన్న షరతూ ఆ వాక్యంలోనే ఉంది. ఆ పేరు ఎందుకు అంత మందికి కంటగింపు అయిందన్న ప్రశ్న మాత్రం 15, 17 అధికరణాల దగ్గరికి తీసుకెళ్తుంది. అది పిల్లలను అడగాలి, వాళ్లు చెప్పేది వినాలి. విన్నాను కూడా. అందరూ ఒకే మాట అనలేదు. ఒకమ్మాయి ఏమీ అనకుండా తల వంచుకుని కూర్చుంది. ఆమెను బలవంతపెట్టలేదు.

డిసెంబరు 9

రాజ్యాంగ సభ మొదటిసారి కూర్చున్న రోజు, 1946. మా పిల్లలకు ఆ సభ ఢిల్లీలో ఎక్కడో ఉంటుంది. రాజమండ్రి నుంచి చెబితే దగ్గరవుతుందని దుర్గాబాయితో మొదలుపెట్టాను. 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు, ఎదిగాక ఆ పెళ్లి వద్దని బయటికి వచ్చేసింది. 1923 కాకినాడ కాంగ్రెసులో వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూని ప్రదర్శనలోకి రానివ్వలేదు. ఈ కథ పిల్లలకు తెలుసు, పాఠాల్లో ఉంటుంది. అక్కడితో ఆగిపోతాం. గేటు దగ్గర అడ్డుకున్న పిల్ల తర్వాత ఏం చేసిందో చెప్పం.

తర్వాత ఆమె రాజ్యాంగ సభలో ఉన్న 15 మంది మహిళల్లో ఒకరు. అక్కడ ఆమె తెచ్చిన ఒక సవరణ ఇప్పటికీ రాజ్యాంగంలో ఉంది. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 అని ప్రతిపాదించారు. దాన్ని 30 చేయమని అడిగింది. తెలివి వయసుని బట్టి రాదని, కొత్త కాలపు పిల్లలు బాధ్యత ఎరిగినవాళ్లని వాదించింది. ఆ వాదనలో చదువు ప్రస్తావన కూడా ఉంది: ఇప్పటి పాఠ్యాంశాలు పిల్లలకు పౌర హక్కులు, విధులు బాగా నేర్పుతాయని, అందుకే చిన్నవాళ్లకు చోటు ఇవ్వాలని. 84వ అధికరణం తెరిచి చూపించాను. 30 అనే ఉంది.

నేను చెప్పే సబ్జెక్టు మీద అంత నమ్మకం పెట్టుకుని ఒక మనిషి రాజ్యాంగంలో అంకె మార్పించింది. ఆ నమ్మకానికి తగ్గట్టు పాఠం చెబుతున్నామా అన్నది మా సోషల్ టీచర్లం జోనల్ మీటింగుల్లో ఒక్కసారైనా మాట్లాడుకోవలసిన విషయం. సిలబస్ ఎంతవరకు అయింది అన్నదాని దగ్గరే మీటింగు అయిపోతుంది.

డిసెంబరు 12

రోజూ పొద్దున పిల్లలు చెప్పే ప్రతిజ్ఞ రాసింది తెలుగువాడని ఎనిమిదో తరగతిలో ఎవరికీ తెలియదు. పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్లగొండ జిల్లా అన్నేపర్తి. విశాఖలో ట్రెజరీ అధికారిగా ఉండగా 1962లో రాశారు. తెన్నేటి విశ్వనాథం చొరవతో విద్యామంత్రి పి.వి.జి.రాజు దాకా వెళ్లింది. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా, ఎవరి భాషలో వాళ్లు. బోర్డు మీద ఆయన పేరు, ఊరు రాసి పెట్టాను. రేపు ప్రార్థనలో చెబుతామన్నారు పిల్లలు.

డిసెంబరు 19

రెండో శనివారం పోయినా, సెలవు పెట్టి స్నేహితురాలి దగ్గరికి వెళ్లాను. ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తుంది. గోకవరం దాటి రంపచోడవరం, అక్కణ్ణుంచి మారేడుమిల్లి. సంతలో టీ తాగుతుంటే, మైదానం నుంచి కారులో వచ్చిన ఒకాయన రోడ్డు పక్క స్థలం ఏదైనా ఉందా, కాటేజీలు కట్టుకుంటానని అడుగుతున్నాడు. చింతపండు మూట ముందు కూర్చున్న కొండరెడ్డి పెద్దాయన తలెత్తి, ‘ఇది వన్ ఆఫ్ సెవెంటీ భూమి బాబూ, నీకు అమ్మడానికి లేదు’ అన్నాడు. కారాయన, లీజుకైనా ఇవ్వరా అన్నాడు. ‘లీజు కూడా లేదు. ఐ.టి.డి.ఎ.లో అడుక్కో’ అని ముసలాయన మళ్లీ మూట సర్దుకున్నాడు.

ఆయన బడికి వెళ్లినట్టు లేదు. 1959 భూబదలాయింపు నిబంధనలను 1970లో వన్ ఆఫ్ సెవెంటీతో బిగించారని, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే మొదట భావించాలని ఆ నిబంధన చెబుతుందని ఆయన నాలాగ వివరించలేకపోవచ్చు. వీటన్నిటికీ వేరు రాజ్యాంగం ఐదో షెడ్యూల్లో ఉంది. ఆ వేరు ఎక్కడిదాకా పోతుందో 1997లో సమత కేసు చూపించింది. అప్పటి విశాఖ జిల్లా బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద ఒక స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడం చెల్లదని కోర్టు చెప్పింది. ప్రభుత్వం కూడా ఆ నిషేధం కింద ఒక వ్యక్తి లాంటిదేనంది.

నా స్నేహితురాలు మాత్రం అంత ఉత్సాహంగా లేదు. ‘2020 మర్చిపోకు’ అంది. షెడ్యూల్డు ప్రాంత బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో ఇచ్చిన జీవో 3ని ఐదుగురు జడ్జీల ధర్మాసనం కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ సమానత్వానికి విరుద్ధమంది. ‘పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడతారు. వాళ్ల భాష రాని టీచరు వస్తే ఒకటో తరగతి పిల్ల రెండేళ్లు నోరు విప్పదు. అది సమానత్వమా?’ అని అడిగింది. నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఆ తీర్పు ఆ పిల్ల వైపు నుంచి చూడలేదనే నేనూ అనుకుంటున్నాను. రాజ్యాంగం తెలిసినంత మాత్రాన ప్రతిసారీ గెలవం. తెలిస్తే ఓడిపోయిన చోట ఏ అధికరణం మీద ఓడామో తెలుస్తుంది, మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. జీవో 3 స్థానంలో చట్టం కావాలని ఏజెన్సీలో సంఘాలు అడుగుతున్నది ఆ తెలివిడితోనే.

తిరుగు బస్సులో ముసలాయన గొంతే వినిపించింది. బెదిరింపు లేదు, బతిమాలడం లేదు. ఉన్న సంగతి చెప్పాడు. నా పిల్లల గొంతులో ఆ ధీమా వినాలని ఉంది.

డిసెంబరు 23

స్టాఫ్ రూములో వాదన. సినిమా హాల్లో జాతీయ గీతానికి లేవనివాళ్ల గురించి ఎవరో వీడియో చూపించారు. బడిలో పాడని పిల్లాడుంటే టి.సి. ఇచ్చి పంపెయ్యాలన్నారు ఒకరు.

కేరళలో అలాగే చేశారు, 1985లో. ముగ్గురు తోబుట్టువులు, యెహోవా సాక్షుల కుటుంబం. గీతం పాడినంతసేపూ గౌరవంగా నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు, వాళ్ల విశ్వాసం ఒప్పుకోదు. బడి నుంచి తీసేశారు. హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టులో 1986 ఆగస్టులో తీర్పు రాసింది మన జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి. నిలబడి గౌరవించిన పిల్లలు ఏ చట్టాన్నీ ఉల్లంఘించలేదు, వాళ్లను బడిలోకి తిరిగి తీసుకోండి అన్నారు. మన సంప్రదాయం, మన తత్వం, మన రాజ్యాంగం మూడూ సహనాన్నే చెబుతున్నాయని, దాన్ని పలచన చేయొద్దని ముగించారు.

ఈ తీర్పు గురించి చెబితే అందరూ ఒప్పుకున్నారని కాదు. లెక్కల మాస్టారు మాత్రం ఆ తీర్పు ఎక్కడ దొరుకుతుందని అడిగారు. తీర్పు ప్రింటు తీసి ఇచ్చాను. ముగ్గురు పిల్లల కోసం దేశపు అత్యున్నత న్యాయస్థానం కూర్చుని ఆలోచించింది. దేశభక్తి పాఠం చెప్పాలంటే నేను ముందుగా దీన్నే చెబుతాను.

జనవరి 5

సంక్రాంతి ముగ్గుల పోటీల హడావుడి. పంచాయతీ కార్యదర్శి గారిని ఒక పీరియడ్‌కి పిలిచాను. గ్రామసభలో ఎవరు కూర్చోవచ్చు అంటే ఊరి ఓటర్లందరూ అని 243 అధికరణంలో ఉంది. ఎవరి అమ్మానాన్నలు వెళ్లారని అడిగితే నాలుగు చేతులు లేచాయి. పంచాయతీకి సంబంధించిన సమాచారం ఊరి స్థాయిలో ఫీజు లేకుండా అడగవచ్చని ఆయనే చెప్పారు, 30 రోజుల్లో ఇవ్వాలని కూడా. మంచి మనిషి.

జనవరి 17

అత్తవారింట్లో పండుగ. ముక్కనుమ మధ్యాహ్నం అరుగు మీద పెద్దవాళ్లంతా చేరారు. మా మామగారి స్నేహితుడు, బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన ఆయన, ‘చదువులేని వాడికీ చదువుకున్నవాడికీ ఒకే ఓటు పెట్టడమే మన రాజ్యాంగం చేసిన పొరపాటమ్మా. ముందు చదువు చెప్పి, ఆనక ఓటు ఇవ్వాల్సింది’ అన్నారు. చుట్టూ అందరూ తలలూపారు. నేను సోషల్ టీచరుని కదా, నా మద్దతు దొరుకుతుందని ఆయన నమ్మకం.

అక్కడ చెప్పింది, చెప్పలేకపోయింది అంతా ఇక్కడ రాసుకుంటున్నాను.

బాబాయిగారూ, మీరు చెప్పిన పద్ధతే అంతకుముందు ఉండేది. ఆస్తి, పన్ను, చదువు, వీటిలో ఏదో ఒకటి ఉన్నవాళ్లకే తెల్లవాళ్ల కాలంలో ఓటు. 1951 జనగణన నాటికి దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది. చదువు వచ్చాకే ఓటు అని ఆ రోజు అని ఉంటే, మిగతా 82 మందికి చదువు చెప్పమని ప్రభుత్వాన్ని నిలదీసేది ఎవరు? బడి కావాలని అడగడానికి వాళ్ల చేతిలో ఉన్నది ఆ ఓటొక్కటే.

ఈ అనుమానం అప్పటివాళ్లకూ వచ్చింది. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, నెల్లూరు జిల్లా పూదూరులో పూజారి కొడుకుగా పుట్టి ముసాయిదా సంఘంలో కూర్చున్న మనిషి, జనంలో నిరక్షరాస్యత ఎంత ఉందో తెలిసి కూడా సామాన్యుడి మీద నిండు నమ్మకంతోనే వయోజన ఓటు ఇస్తున్నామని సభలో చెప్పారు. రాజ్యాంగం ఇంకా ముసాయిదాగా ఉండగానే ఇంటింటికీ తిరిగి ఓటర్ల జాబితాలు రాయడం మొదలైంది. తొలి ఎన్నికకు 17 కోట్లకు పైగా ఓటర్లు. ఉత్తరాది రాష్ట్రాల్లో చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు, ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి అనే రాయించుకున్నారు. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఒప్పుకోలేదు. పేరు ఉంటేనే ఓటు అన్నారు. దాదాపు 28 లక్షల మంది పేర్లు జాబితాకి ఎక్కలేదు. నిష్ఠూరమైన నిర్ణయమే. కానీ తర్వాతి ఎన్నికలకు వాళ్లు సొంత పేర్లతో వచ్చారు. ఏ సివిక్స్ పుస్తకమూ చదవకుండా.

అందుకే, పౌరశిక్షణ అనేది పౌరుడు కావడానికి పాసవ్వాల్సిన పరీక్ష అని ఎవరన్నా నాకు ఒళ్లు మండుతుంది. పుట్టుకతోనే పౌరుడు. వాడికి రాజ్యాంగంలో ఏముందో చెప్పడం రాజ్యం వాడికి పడ్డ బాకీ. ఆ బాకీ నా జీతం రూపంలో నా చేతికి వస్తోంది, నేను పిల్లలకు చేర్చాలి. ఇది రాస్తుంటే తెలిసింది, ఇన్నాళ్లుగా ఈ నోట్‌బుక్‌లో నేను వెతుకుతున్నది ఈ మాటేనని.

బాబాయిగారు ఒప్పుకోలేదు. ‘సరేగానీ, ఆ 28 లక్షల సంగతి నాకు తెలియదమ్మా’ అన్నారు. అత్తయ్య అప్పుడే అరిసెల పళ్లెం పట్టుకొచ్చి, ‘మా అమ్మ మొదటి ఓటు రోజు కొత్త చీర కట్టుకుని వెళ్లిందట’ అని చెప్పి లోపలికి వెళ్లిపోయారు.

జనవరి 25

ఓటర్ల దినోత్సవం. ఎన్నికల సంఘం 1950లో ఇదే రోజు ఏర్పడింది. పదిహేడేళ్లు నిండితే ముందుగానే ఫారం-6 ఇవ్వవచ్చని బోర్డు మీద రాశాను. మా బడి దాటి ఇంటర్‌కి వెళ్లిన ఇద్దరు ఆడపిల్లలు వచ్చి ఫోన్‌లో నింపుకుని వెళ్లారు.

జనవరి 28

జెండా పండుగ అయ్యాక పాఠం 21-ఎ దగ్గరికి వచ్చింది. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా ఉచిత నిర్బంధ విద్య ప్రాథమిక హక్కు. 2002లో 86వ సవరణ, 2009లో చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఇది మన రాష్ట్రం పేరుతో ఉన్న కేసు నుంచి ఎదిగిన హక్కని చెప్పాను. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, 1993. ప్రైవేటు వృత్తి కళాశాలల క్యాపిటేషన్ ఫీజుల గొడవతో మొదలైంది. పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కే, ఆపైన రాజ్యం ఆర్థిక స్తోమతను బట్టి అని ఆ తీర్పు తేల్చింది.

రెండో బెంచీలో అమ్మాయి లేచింది. మామూలుగా మాట్లాడే పిల్ల కాదు. ‘మేడమ్, నాకు మొన్న డిసెంబరులో పద్నాలుగు దాటాయి. ఇప్పుడు నాకు హక్కు లేదా?’

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. 21-ఎ కింద లేదు. విద్యాహక్కు చట్టం కూడా ఎనిమిదో తరగతితో ఆగుతుంది. నువ్వు ఈ బడిలో ఫీజు లేకుండా చదువుతున్నావు, పుస్తకాలు వస్తున్నాయి, భోజనం ఉంది. ఇదంతా ప్రభుత్వ నిర్ణయం. రాజ్యాంగం గట్టిగా పట్టుకున్నది పద్నాలుగు వరకే.

‘మా అక్కని తొమ్మిది అయ్యాక మానిపించారు. బట్టల షాపులో పెట్టారు. అది తప్పు కాదా మరి?’

ప్రమాదకరమైన పని అయితేనే పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్య వాళ్లకు నిషేధం, 2016 సవరణ అది. షాపులో పనికి నిషేధం లేదు. ఇది చెప్పేటప్పుడు ఆ పిల్ల ముఖం చూడటం కష్టమైంది. క్లాసంతా నిశ్శబ్దంగా ఏమీ లేదు, అందరూ ఒక్కసారిగా మొదలుపెట్టారు. పెళ్లికి పద్దెనిమిది, ఓటుకి పద్దెనిమిది, చదువుకి మాత్రం పద్నాలుగు ఏంటన్నారు. ఎవరు పెట్టారు, ఎవరు మార్చగలరు అన్నారు.

మార్చగలరు. 61వ సవరణతో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది, 30 కోసం ఒక రాజమండ్రి ఆవిడ వాదించింది, మీరే విన్నారు. సభకు హాజరై ఓటు వేసినవాళ్లలో మూడింట రెండొంతులు, మొత్తం సభ్యుల్లో సగానికి పైగా ఒప్పుకోవాలి. 368వ అధికరణం. పార్లమెంటు పని కాబట్టి ఎంపీకి రాద్దామన్నారు. వెనక బెంచీలో కుర్రాడు లేచి, చదువు ఉమ్మడి జాబితాలో ఉందని మీరే చెప్పారు కదా, రాష్ట్రం తనకు తానే పద్దెనిమిది దాకా చట్టం చేయొచ్చు కదా, ఎమ్మెల్యేకి రాద్దామన్నాడు. రెండూ సరైనవే.

జనవరి 30

ఉత్తరం ముసాయిదా సిద్ధమైంది. ముసాయిదా సంఘంలో ఏడుగురు. అంబేడ్కర్ సంఘంలోనూ ఏడుగురేనని వాళ్లే పట్టుబట్టారు, అధ్యక్షురాలు రెండో బెంచీ అమ్మాయి. సవరణలు బోలెడు వచ్చాయి. ‘దయచేసి’ అని ఉండాలా వద్దా అన్నదానికి ఓటు పెట్టారు, ఉంచారు. అక్క సంగతి పేరు లేకుండా రాయాలని ఆ పిల్లే అడిగింది, అందరూ ఒప్పుకున్నారు. ఖర్చు ఎంతవుతుందో కూడా రాయాలని లెక్కల మాస్టారి శిష్యులు కొందరు అంటున్నారు. ఒక్క మా మండలంలో తొమ్మిది, పది చదివే పిల్లలెందరో ఎం.ఇ.ఓ. ఆఫీసులో సమాచార హక్కు కింద అడగడానికి దరఖాస్తు నా పేరు మీద రాశారు. మండల స్థాయికి ఫీజు ఐదు రూపాయలు, క్లాసులో పోగు చేశారు.

ఎంపీకి వెళ్లే కాపీ పూర్తయింది. ఎమ్మెల్యేకి రాసేదానిలో, చదువు 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వచ్చిన సంగతి పెట్టాలా వద్దా అన్న చోట మూడు, నాలుగుగా చీలారు. రేపటి పీరియడ్‌కి వాయిదా.